కాఫీ పొట్లం మీద చికోరీ ఎంతో రాయించండి

సంపాదకులకు నమస్కారం.

రోజుకి రెండు కాఫీలు, ఒక టీ, ఇదీ నా లెక్క. పొద్దున లేవగానే ఫిల్టరు కాఫీ, పదకొండింటికి సగం గ్లాసు, సాయంత్రం మా వారితో పాటు అల్లం టీ. ముప్పై ఏళ్లుగా పండగైనా, ప్రయాణమైనా, ఇంట్లో ఎవరికి ఒంట్లో బాగోకపోయినా ఈ మూడూ తప్పలేదు. ఇంత అలవాటున్నదాన్ని కదా, కాఫీ గురించి నాకు తెలియనిదేముందిలే అనుకునేదాన్ని. కానీ దగ్గర దగ్గర రెండేళ్లు, కాఫీ అనుకుని ఇంకేదో సగానికి దగ్గరగా కలిసినదాన్ని తాగాను. అది చెప్పడానికే ఈ ఉత్తరం.

మాది గోదావరి జిల్లాలో ఒక చిన్న పట్నం. మా బజార్లో కాఫీ గింజలు వేయించి, మిషన్‌లో ఆడించి అమ్మే కొట్టు ఒకటుంది. పొద్దున పది గంటలప్పుడు ఆ వీధి మలుపు తిరిగితే చాలు, వాసనే చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్తుంది. చికోరీ అంటే కాఫీలో కలిపే వేయించిన వేరుపొడి. నేను ఎప్పుడు వెళ్లినా "చికోరీ వద్దు బాబూ, వట్టి కాఫీ ఇయ్యి" అనే అడిగేదాన్ని. "మన దగ్గర చికోరీ కలపమండీ, అంతా ప్యూర్" అనేవాడు కౌంటర్లో అబ్బాయి. పావుకిలో పొట్లం కట్టేవాడు, దాని మీద కొట్టు పేరు, తూకం, ధర ఉండేవి. ఇంకేమీ ఉండేది కాదు. నేనూ చూసుకోలేదు. అడిగితే చెప్పాడు కదా, చాలనుకున్నాను.

రాత్రి పడుకునే ముందు ఫిల్టరు పై గిన్నెలో నాలుగు చెంచాల పొడి వేసి, చిల్లుల బిళ్ళతో మెత్తగా అదిమి, మరిగిన నీళ్లు పోసి మూత పెట్టడం మా ఇంట్లో అలవాటు. పొద్దున లేచి చూస్తే పైన ఇంకా కాసిని నీళ్లు నిలిచే ఉండేవి, కింద దిగింది మాత్రం నల్లగా, తారులా చిక్కగా ఉండేది. ఎంత చిక్కగా దిగిందో అని సంతోషపడేదాన్ని. అరగ్లాసు పాలలో రెండు చెంచాలు పోస్తే చాలు, రంగు వచ్చేసేది.

మొన్న డిసెంబరులో మా చెల్లెలి కుటుంబంతో కలిసి విశాఖపట్నంలో కిరండూల్ రైలెక్కి, సొరంగాలన్నీ దాటుకుంటూ అరకు వెళ్లాం. అందరూ బొర్రా గుహల గురించి చెప్తారు, నాకు మాత్రం ఆ కాఫీ తోటలే కళ్లల్లో ఉండిపోయాయి. తోట అంటే మన వరిచేను లాగా ఎండలో పరుచుకుని ఉంటుందనుకున్నాను. తీరా చూస్తే అది అడివే. పైన సిల్వర్ ఓక్ చెట్లు నిట్టనిలువుగా, వాటి మొదళ్లకి మిరియాల తీగలు అల్లుకుని, వాటి నీడన మనిషెత్తు కాఫీ మొక్కలు. ఒకే కొమ్మ మీద పచ్చివీ, పసుపు తిరిగినవీ, ఎర్రగా పండినవీ పక్కపక్కనే ఉన్నాయి. అక్కడ కోస్తున్న ఒకావిడ పక్కన చాలాసేపు నిలబడ్డాను. ఎర్రవాటిని మాత్రమే వేళ్లతో ఒక్కొక్కటే తుంచి నడుముకి కట్టుకున్న గంపలో వేస్తోంది, పచ్చి గుత్తులు కదలకుండా వదిలేస్తోంది. "అన్నీ ఒకేసారి దూసేస్తే పని తొందరగా అయిపోతుంది కదా అమ్మా" అన్నాను. "పచ్చివి కలిస్తే రుచి పోద్దమ్మా, మళ్ళా పది రోజులకి ఇదే మొక్క దగ్గరికి రావాల" అంది. ఆ మాట నా చెవిలో అలాగే ఉండిపోయింది.

అక్కడే పావుకిలో అరబికా రకం కాఫీ పొడి, చికోరీ లేదని పొట్లం మీద అచ్చు వేసి ఉన్నది, కొనుక్కుని వచ్చాను. ఇంటికొచ్చిన మర్నాడు ఎప్పటిలాగే నాలుగు చెంచాలు వేస్తే, డికాషన్ పావుగంటలో గబగబా దిగిపోయింది. నల్లగా లేదు, ఎర్రటి తేనె రంగులో ఉంది. ఎప్పటంత పాలలోనే కలిపి ఇస్తే మా వారు ఒక గుక్క తాగి "ఇదేంటి, నీళ్లలా ఉంది, అంత దూరం వెళ్లి తెచ్చింది ఇదేనా" అన్నారు. నాకూ మనసులో అలాగే అనిపించింది, మోసపోయామేమో అని. కానీ వాసన మాత్రం వేరు. మూత తీయగానే వంటిల్లు దాటి హాల్లోకి వచ్చింది. మూడో రోజు పాలు తగ్గించి, పంచదార సగం చేసి తాగాను. నాలుక మీద కాస్త పులుపు, ఆ వెనకాలే నిమ్మళంగా చేదు, తాగేశాక కూడా నోట్లో చాలాసేపు నిలిచే కమ్మదనం. మా మామ్మ ఇంట్లో తాగిన కాఫీ గుర్తొచ్చింది. మామ్మ గింజలు తెప్పించుకుని ఇనప మూకుడులో తనే వేయించి, గోడకి బిగించిన చేతిమరలో ఏ రోజుకారోజు విసిరేది. ఆ మర తిప్పడం పిల్లలం వంతులు వేసుకునేవాళ్లం.

అప్పుడు అనుమానం వచ్చింది. రెండు గాజుగ్లాసుల్లో చన్నీళ్లు పోసి వంటింటి గట్టు మీద పక్కపక్కన పెట్టాను. ఒకదాంట్లో అరకు పొడి, ఇంకోదాంట్లో మా బజారు పొడి, చిటికెడు చిటికెడు పైన చల్లాను. అరకు పొడి నీళ్ల మీదే తేలింది. కాఫీ గింజలో నూనె ఉంటుంది కదా, అందుకని వెంటనే తడవదు. ఎంతోసేపటికి కొద్దికొద్దిగా తడిసి దిగినా నీళ్లకి పెద్దగా రంగు పట్టలేదు. రెండో గ్లాసులో అలా కాదు. కొంత పొడి పైన ఉండిపోయింది, మిగతాది వేసిన క్షణంలోనే రవ్వరవ్వగా కిందికి జారింది, జారుతూ ఒక్కో రవ్వ వెనకాల సన్నటి గోధుమరంగు తోక. రెండు నిమిషాలయ్యేసరికి గ్లాసు అడుగంతా ఎర్రటి మడ్డి. ఆ రంగు తోకలు వదిలేదే చికోరీ. ఇది నేను కనిపెట్టిందేం కాదు. ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్లు ఇంట్లో ఎవరైనా చేసుకోవచ్చని చెప్పిన పరీక్షే.

పొట్లం పట్టుకుని కొట్టుకి వెళ్లాను. ఆ రోజు యజమానే ఉన్నారు. గొడవ పెట్టుకోలేదు, గ్లాసులో చూసింది చూసినట్టు చెప్పాను. ఆయన కాసేపు ఊరుకుని "60:40 అమ్మా" అన్నారు. వంద గ్రాముల్లో నలభై గ్రాములు చికోరీ! "ప్యూర్ ఇస్తే పలచగా ఉందని రెండోసారి రారమ్మా. గింజల రేటు కూడా చూశారుగా ఎలా పెరిగిందో" అన్నారు. ఆయన మాట పూర్తిగా కొట్టిపారేయలేను. గింజల ధర ఈమధ్య బాగా పెరిగిన మాట నిజం, మా వారు కూడా పలచగా ఉందనే కదా అన్నారు. కానీ నేను ప్రతిసారీ నోరు తెరిచి అడిగాను. ప్రతిసారీ లేదన్నారు. కాఫీ గింజల ధర తీసుకుని నలభై పాళ్లు దానికన్నా ఎంతో చవకైన వేరుపొడి ఇచ్చారు. నా బాధంతా అక్కడ.

చికోరీ అంటే నాకు కోపం లేదు, ఈ మాట గట్టిగా చెప్పాలి. అదేం విషం కాదు. ముల్లంగి లాంటి ఒక దుంపవేరు, ముక్కలు కోసి ఎండబెట్టి వేయించి పొడి కొడతారు. మన దేశంలో గుజరాత్, ఉత్తరప్రదేశ్ వైపు పండిస్తారు. అది నీళ్లని పట్టి ఉంచుతుంది కాబట్టే నా ఫిల్టరులో పొద్దుటిదాకా నీళ్లు నిలిచాయి, డికాషన్ చిక్కగా నల్లగా దిగింది. మా నాన్నగారికి 80:20 అంటే ప్రాణం, అది లేకపోతే కాఫీకి చిక్కదనం ఉండదనేవారు. అలా కావాలని కలుపుకుని తాగేవాళ్లు లక్షల మంది. వాళ్లని ఎవరూ తప్పు పట్టక్కర్లేదు. కాకపోతే ఎంత కలిసిందో తెలిసి తాగాలి. మన దేశంలో నిబంధన కూడా ఇదే చెప్తోంది. కాఫీ చికోరీ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు, ఏది ఎంత శాతమో లేబుల్ మీద రాయాలి. పెద్ద కంపెనీల ప్యాకెట్ల మీద చిన్న అక్షరాలతోనైనా ఆ అంకె ఉంటుంది. ఇన్‌స్టంట్ కాఫీ సీసా తిప్పి చూడండి, చాలావాటి వెనకాల చికోరీ శాతం కనిపిస్తుంది. ఆ అంకె లేనిది మనం నమ్మకంతో వెళ్లే బజారు కొట్టు పొట్లాల మీదే.

అంకె ఎందుకంత ముఖ్యం అంటారేమో. కాఫీలో నిద్ర పట్టనివ్వని కెఫీన్ చికోరీలో ఉండదు. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. రోజుకి 300 మిల్లీగ్రాముల కెఫీన్ దాటొద్దని, 150 మిల్లీలీటర్ల డికాషన్ కాఫీలో 80 నుంచి 120, టీలో 30 నుంచి 65 మిల్లీగ్రాములు ఉంటుందని అందులో ఉంది. చదివి నేను లెక్క వేసుకున్నాను. కానీ పొట్లంలో కాఫీ ఎంతో తెలియకపోతే ఆ లెక్కకి అర్థమేముంది? అరకు పొడి మొదలుపెట్టిన మొదటి వారం పాత అలవాటు కొద్దీ నాలుగు చెంచాలే వేశాను. పదకొండు గంటల కాఫీ తర్వాత గుండె దడదడలాడింది, రాత్రి ఒంటిగంట దాకా నిద్ర పట్టలేదు, మా వారు కంగారుపడి బీపీ చూపించుకు రమ్మన్నారు. మూడు చెంచాలకి తగ్గించాక సర్దుకుంది. నేనంటే సరే. బీపీ ఉన్నవాళ్లు, కడుపుతో ఉన్న ఆడపిల్లలు, డాక్టరు ఒక్క కాఫీయే తాగమన్నవాళ్లు ఇదే పొడి కొంటున్నారు, వాళ్లకి ఎవరు చెప్తారు? (అదే మార్గదర్శకాల్లో భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ కాఫీలు వద్దని, తిండిలో ఇనుము ఒంటికి పట్టదని కూడా ఉంది. మా కోడలికి హిమోగ్లోబిన్ తక్కువ, అన్నం తిని చెయ్యి కడుక్కోగానే టీ పెట్టుకునేది. ఇప్పుడు నాలుగింటికి మార్చాం.)

టీ సంగతి కూడా ఒక్క ముక్క. విడిగా తూచి ఇచ్చే టీపొడి కొనేవాళ్లు తడి తెల్లకాగితం మీద చిటికెడు చల్లి కాసేపాగి దులిపి చూడండి. మంచి పొడి మరక పెద్దగా వదలదు, రంగు అద్దిన పొడైతే కాగితం మీద మచ్చలు పడతాయి. మాది పాసైంది, మా వారు ఆ రోజంతా ఆనందంగా ఉన్నారు.

ఇక నేను అడిగేది. విడిగా ఆడించి అమ్మే ప్రతి కొట్టులో పొట్లం మీద కాఫీ ఇంత, చికోరీ ఇంత అని రాసి ఇవ్వాలి. స్టాంపు వేసినా సరే, పెన్నుతో రాసినా సరే. తూనికలు చూడడానికి వచ్చినట్టే ఆహార తనిఖీ అధికారులు ఈ కొట్లకి కూడా అప్పుడప్పుడు రావాలి. కొనేవాళ్ల ఎదురుగానే గింజలు ఒక పక్క, చికోరీ ఒక పక్క తూచి, అడిగిన పాళ్లలో కలిపి ఆడిస్తే ఇంకా మంచిది, అలా చేసే కొట్లు ఇదివరకు చాలా ఊళ్లలో ఉండేవి.

రెండోది మన అరకు కాఫీ సంగతి. 2019లో అరకు వ్యాలీ అరబికాకి, ఆ పేరు ఆ ప్రాంతపు పంటదేనని చెప్పే భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకు రెండేళ్ల ముందే, 2017లో, పారిస్‌లో అరకు కాఫీ పేరుతో కొట్టు తెరిచారు. మనకి 1956 నుంచి గిరిజన సహకార సంస్థ ఉంది, వాళ్లు కాఫీ కొని అమ్ముతున్నారు కూడా. అయినా మా పట్నంలో ఆ పొడి నాకు నాలుగు కొట్లు తిరిగినా దొరకలేదు. ఆన్‌లైన్లో వస్తుంది, సరే, కానీ మా వీధిలో సగం మంది ఆడవాళ్లు ఫోన్లో సరుకులు కొనరు. రైతుబజార్లో కూరగాయల పక్కన ఒక చిన్న కౌంటరు పెట్టి యాభై గ్రాములు, వంద గ్రాముల పొట్లాల్లో అమ్మితే రుచి చూద్దామని కొనేవాళ్లు చాలామంది ఉంటారు. పావుకిలో అంటే ధర చూసి వెనకాడతారు. ఒక్కో ఎర్రపండూ ఏరి కోసిన ఆ చెయ్యి నేను దగ్గర్నుంచి చూశాను. మన కొండల మీద అంత శ్రద్ధగా పండించినది మన వంటింటికి వచ్చేలోపు నలభై పాళ్లు వేరే పొడి అయిపోతుంటే బాధగా ఉంటుంది.

మీ పత్రిక జిల్లా పేజీల్లో ఆ గాజుగ్లాసు పరీక్షని ఒక చిన్న బొమ్మతో వేయమని నా కోరిక. చదువు రానివాళ్లు కూడా బొమ్మ చూసి చేసుకోగలరు.

అన్నట్టు, ఆ కొట్టు నేను మానలేదు. నెలకోసారి వెళ్తున్నాను. మా అత్తగారికి 80:20 కావాలి, ఆవిడకి ఎనభై రెండేళ్లు, అరకు పొడి ఆవిడకి నచ్చలేదు. ఇప్పుడు ఆ అబ్బాయి నన్ను చూడగానే చెవి మీద పెన్ను తీసి పొట్లం మీద పెద్దగా 80:20 అని రాసి ఇస్తున్నాడు. పోయిన వారం నా వెనకాల నిలబడ్డావిడ కూడా "చికోరీ లేకుండా ఇయ్యి బాబూ" అని అడిగింది. ఆవిడకిచ్చిన పొట్లం మీద ఏమీ రాయలేదు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
తూర్పు గోదావరి జిల్లా