సైడ్‌కిక్ కార్డు ఈ శనివారం నుంచి ఆపేస్తున్నాం

మన కేఫ్‌కి శని, ఆదివారాల్లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ (టేబుల్ చుట్టూ కూర్చుని, డైస్ వేస్తూ పాత్రలుగా కథ నడిపే ఆట) ఆడటానికి వచ్చేవాళ్లందరికీ ఒక మాట. ఆరు నెలల కిందట మొదలుపెట్టిన, బిల్లు స్టాంపులతో ఆటలో తోడు పాత్రకి లెవెల్ పెంచే సైడ్‌కిక్ కార్డు ఇక ఉండదు. తప్పు నాదే. మన డీఎంలు (కథ నడిపించే డంజన్ మాస్టర్లు) ఇద్దరూ మొదటి రోజే వద్దన్నారు, నేనే వినలేదు.

కొత్తవాళ్ల కోసం కాస్త వెనక్కి వెళ్తాను. టేబుల్‌కి నలుగురు బుక్ చేసుకుని ఇద్దరే వచ్చే రోజులు మనకు మామూలే. వాన పడితే ఇక చెప్పక్కర్లేదు. ఇద్దరే గుహలోకి దిగితే రెండో గదిలోనే కథ ముగిసిపోతుంది. అందుకని తోడుగా ఒక తోడేలునో గోబ్లిన్‌నో ఇచ్చేవాళ్లం. అదే సైడ్‌కిక్. మొదట్లో దానికి లెవెల్ పెంచేవాళ్లమే కాదు. అదీ పనికిరాలేదు. మామూలు తోడేలుకు ఉండేది 11 హిట్ పాయింట్లు, అంటే ప్రాణం లెక్క. ఫైర్‌బాల్ అనే నిప్పు మంత్రం దెబ్బ సగటున 28. సగం తప్పించుకున్నా 14. పిల్లల టేబుల్‌లో ఒకసారి తోడేలు అలాగే పోతే ఆ సాయంత్రం ఆట ఆపేసి ఐస్‌క్రీమ్ తినిపించాల్సి వచ్చింది.

సరే, లెవెల్ పెరగాలి. ఎలా పెరగాలి అన్న దగ్గర నా వ్యాపార బుర్ర అడ్డుపడింది. ఐదొందల బిల్లుకి ఒక స్టాంపు, నాలుగు స్టాంపులకి మీ సైడ్‌కిక్‌కి ఒక లెవెల్ అని బోర్డు పెట్టాను. కిచెన్ అమ్మకాలు పెరిగాయి, దాచను.

ఆట మాత్రం చెడింది. ఆదివారం సాయంత్రం టేబుల్‌లో అందరూ నాలుగో లెవెల్. ఒకాయన గోబ్లిన్ మాత్రం చికెన్ 65 ప్లేట్ల మీద ఎక్కి ఆరుకి చేరింది. వారియర్ (పోరాడే) రకం సైడ్‌కిక్‌కి ఆరో లెవెల్‌లో ఒకే వంతులో రెండు దెబ్బలు కొట్టే హక్కు వస్తుంది. ఆటగాడు ఆడించే ఫైటర్ (యోధుడి పాత్ర)కి అది ఐదులో వస్తుంది, కానీ మన ఫైటర్ ఇంకా నాలుగులోనే ఉన్నాడు. అతను ఒకటి కొట్టి కూర్చుంటే గోబ్లిన్ రెండు కొడుతోంది. పైగా అటాకర్‌గా ఎంచుకున్నందుకు దెబ్బ తగులుతుందా అని వేసే డైస్ మీద రెండు అదనం. వారియర్ కాబట్టి, మామూలుగా 20 పడితేనే వచ్చే క్రిటికల్ (దెబ్బ డైస్ రెట్టింపు) దానికి 19 పడినా వస్తుంది. ఆ ఫైటర్‌ని ఆడే కుర్రాడు ఇంజినీరింగ్ చదువుతున్నాడు. టేబుల్ ఫీజు కట్టి, ఒక టీ తాగి, మూడు గంటలు ఆడి వెళ్తాడు. పోయిన నెల వెళ్తూ వెళ్తూ, "అన్నా, ఈ కథలో హీరో నేనా, గోబ్లినా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆ తర్వాత రెండు వారాలు రాలేదు.

ఇంకో నష్టం టైమ్. ఐదుగురు మనుషులు, మూడు సైడ్‌కిక్‌లు, ఒక్కో వంతుకి రెండు నిమిషాలు. మళ్లీ మీ వంతు వచ్చేసరికి పావుగంట. ఈలోపు ఫోన్లు బయటికొస్తాయి.

నిజానికి దారి పుస్తకంలోనే ఉంది. 2020లో వచ్చిన టాషాస్ కాల్డ్రన్ ఆఫ్ ఎవ్రీథింగ్‌లో సైడ్‌కిక్ లెవెల్ అంటే పార్టీ సగటు లెవెలే. పాత ఎడిషన్లు ఇంకా గట్టిగా ఉండేవి. 1981 నాటి బేసిక్, ఎక్స్‌పర్ట్ సెట్లలో అనుచరుడికి అనుభవం పాయింట్లలో (లెవెల్ పెరిగేది వీటితోనే) సగం వాటాయే. 3.5 ఎడిషన్‌లో లీడర్‌షిప్ ఫీట్‌ (పాత్ర ఎంచుకునే ప్రత్యేక నైపుణ్యం)తో వచ్చే తోడు నాయకుడి కంటే కనీసం రెండు లెవెళ్లు కింద ఉండాల్సిందే. తోడు ఎక్కడా హీరోని దాటదు. దాన్ని బిల్లుతో దాటించింది నేను.

ఇక నుంచి ముగ్గురు లేదా అంతకంటే తక్కువ మంది ఉన్న టేబుల్‌కే సైడ్‌కిక్, అదీ ఒక్కటే. లెవెల్ పార్టీ సగటు, భిన్నం వస్తే కిందికి. అది ఎవరి సొంతమూ కాదు, సెషన్‌కొకరు ఆడిస్తారు. రకం మీ ఇష్టం, కానీ నన్నడిగితే వారియర్ కాకుండా ఎక్స్‌పర్ట్ రకం సైడ్‌కిక్ తీసుకోండి. అది బోనస్ యాక్షన్‌ (తన వంతులో చేసే అదనపు చిన్న పని)తో పక్కవాడికి సాయం చేయగలదు. గోబ్లిన్ శత్రువు దృష్టి మళ్లిస్తే మీరు రెండు డైస్ వేసి పెద్దది తీసుకుంటారు. దెబ్బ మీదే. రెండు వారాలు ఒక టేబుల్‌లో ఇలా ఆడించి చూశాం, ఎవరూ ఫోన్ తీయలేదు. సరే, ఒకరు తీశారు, ఇంటి నుంచి కాల్.

స్టాంపులు ఉన్నవాళ్లు కార్డులు తీసుకురండి. స్టాంపుకి యాభై రూపాయల చొప్పున టేబుల్ ఫీజులో తగ్గిస్తాను. లెవెల్‌గా మార్చేసుకున్న స్టాంపులకి కూడా ఇస్తాను. గోబ్లిన్ గారి యజమాని కాసేపు అలిగి, చివరికి ఒప్పుకున్నారు. ఆయన షరతు ఒక్కటే: లెవెల్ తగ్గడానికి కథలో కారణం ఉండాలి. ఏదో శాపం తగిలిన భోజనం తిన్నట్టు మన డీఎం రాస్తున్నాడు.

ఆ కుర్రాడికి నేనే ఫోన్ చేశాను. ఈ ఆదివారం వస్తానన్నాడు. ఆ రోజు టేబుల్ ఐదో లెవెల్‌కి వెళ్తోంది. గోబ్లిన్ కూడా ఐదులోనే ఉంటుంది, దానికి రెండో దెబ్బ ఆరు వచ్చేదాకా లేదు.