వరండాలోని సబ్బుముక్కల గురించి

తల్లిదండ్రులకు నమస్కారం.

గత వారం ఎనిమిదో తరగతి పిల్లలు ఇళ్ల నుంచి ఖాళీ టూత్‌పేస్టు ట్యూబులు, అరిగిన సబ్బుముక్కలు, సిరా అయిపోయిన పెన్నులు తెచ్చి వరండాలో పేర్చిన విషయం మీ వాట్సాప్ గ్రూపులో నలుగుతోందని తెలిసింది. ఫీజులు కట్టేది చెత్త ఏరించడానికా అని ఒకరు అడిగారట. అడగవలసిన ప్రశ్నే కనుక జవాబు రాస్తున్నాను.

పిల్లలు అలా పేర్చడానికి ప్రేరణ సాంగ్ డాంగ్. 1966లో బీజింగ్‌లో పుట్టిన ఆయన వీడియోతో, ప్రదర్శనతో, వాడి వదిలేసిన సామానుతో పనిచేసే కళాకారుడు. ఆయన తల్లి జావో షియాంగ్‌యువాన్ కరువు కాలం చూసిన మనిషి. సబ్బు రేషను మీద దొరికిన రోజుల్లో, రేపు కొడుకు కాపురానికి పనికొస్తాయని ఆవిడ దాచిన సబ్బులు రాళ్లలా గట్టిపడ్డాయి. కొడుకు ఇంటికేమో వాషింగ్ మెషీన్ వచ్చింది. 2002లో భర్త పోయాక ఆవిడ దేనినీ పారేయనివ్వలేదు. కొడుకు వాదించడం మాని, పదివేలకు పైగా ఉన్న ఆ వస్తువులను ఇంటి కలప చట్రంతో సహా 2005లో బీజింగ్‌లో తల్లి చేతనే సర్దించి ప్రదర్శనగా నిలబెట్టారు. 2009లో అది న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌కు వెళ్లింది.

నాకు ఇంకా ఇష్టమైనది ఆయన నీటి దినచర్య. కాగితం, సిరా ఖర్చవకుండా రాతి మీద నీళ్లతో అక్షరాలు దిద్దుకోమని చిన్నప్పుడు తండ్రి చెప్పిన మాటను పట్టుకుని, 1995 నుంచి ఆయన డైరీని కుంచెతో, నీటితో, రాతి మీదే రాస్తున్నారు. రాసింది ఆరిపోతుంది, ఎవరూ చదవరు, మార్కులు వేయరు. మార్కుల కోసం తప్ప కలం పట్టని పిల్లలకు ఇంతకంటే మంచి పాఠం నాకు తెలియదు, ఈ మాట ఎన్ని సమావేశాల్లోనైనా చెబుతాను. మా విద్యార్థిని ఒకతె మెట్ల దగ్గరి కడప బండ మీద రాయడానికి కూర్చుంటే, రెండో వరుస పూర్తయ్యేలోగా మొదటి వరుస ఎండకు మాయమైంది. ఆ అమ్మాయి నవ్వి, మళ్లీ పైనుంచి మొదలుపెట్టింది. ఆ నిమిషం మీరు చూసి ఉండవలసింది.

పనిలో పనిగా ఒక మనవి. సగం పేజీలు తెల్లగా ఉండగానే కొత్త నోటుబుక్కులు, నెలకొక జామెట్రీ బాక్సు కొనివ్వడం మీ ప్రేమకు గుర్తేనని మాకు తెలుసు. దుకాణంలో తయారుగా దొరికే థర్మోకోల్ ప్రాజెక్టులు ఎవరి ప్రేమకు గుర్తో మాత్రం ఇంకా అర్థం కాలేదు.

త్రైమాసిక పరీక్షలు సోమవారం మొదలవుతాయి, బస్సు రుసుము ఆలోపే చెల్లించగలరు.

ప్రదర్శన శనివారం వరకు ఉంటుంది. సబ్బుముక్కలు తిరిగి కావలసినవారు ఆ సాయంత్రం తీసుకువెళ్లవచ్చు. ఒక నాయనమ్మగారు ఇప్పటికే వచ్చి, తన పాత పౌడరు డబ్బాను ఎవరూ పారేయలేదని చూసుకుని వెళ్లారు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు