మంచు తీసి వెళ్ళినవారికి కృతజ్ఞతలు

ఏప్రిల్‌లో విటోనెన్ (ఫిన్లాండ్ ఫుట్‌బాల్‌లో ఒక కింది స్థాయి లీగ్) మ్యాచ్ పొద్దున మైదానం మీద మంచు తీసి వెళ్ళిన మీరెవరో తెలియదు గానీ, పని తెలిసినవారని గడ్డి చూడగానే అర్థమైంది. (విటోనెన్ పేరుకు ‘ఐదోది’, అసలు ఆరో అంచెగా ఉండేది; 2024లో పైన యుక్కోస్‌లీగా అనే కొత్త లీగ్ చేరాక లెక్కకు ఏడో అంచె. ఇక్కడ సొంత మైదానం సిబ్బంది ఉండే క్లబ్బులు అరుదు.)

బ్లేడును నేలకు ఆనించకుండా 2, 3 సెంటీమీటర్లు ఎత్తిపెట్టి తోశారు. చాలామంది అడుగుదాకా గీకేస్తారు. అప్పుడు కృత్రిమ గడ్డి అతుకులు లేస్తాయి, పోచల మధ్య ఉండే నల్ల రబ్బరు రేణువులు మంచుతోపాటే పోతాయి. మిగిలిన పలచటి పొరను ఎండకు వదిలేసి, ఉప్పు చల్లకపోవడం ఇంకా మంచి పని. మంచును కంచె లోపలే కుప్ప వేశారు కాబట్టి, కరిగాక ఆ రేణువులను ఆరబెట్టి, జల్లించి, బ్రష్‌తో తిరిగి పరుచుకోవచ్చు. కార్నర్ జెండా పక్కన కాస్త ఇరుకైంది, పర్లేదు.