పాదం ఏదయ్యా అంటే పాదాలు భద్రమన్నారు

గౌరవనీయ మంత్రివర్యులకు నమస్కారాలు.

తమరికి ఇది నా అయిదో ఉత్తరం. మొదటి నాలుగూ మీ పేషీలో ఏ ఫైలు కింద యోగనిద్రలో ఉన్నాయో స్వామికే ఎరుక. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

సంగతి తమకు తెలిసిందే. సంప్రోక్షణ పనుల్లో మీ శాఖవారు 'బాగు చేయించిన' మా గుడి మండపం గోడమీది రామానుజులవారి బొమ్మ. పాత బొమ్మలో నామం కనుబొమల కిందికి దిగి ముక్కు మొదట చిన్న పాదంతో ఆగేది. గోరంత పాదం. కొత్తదాంట్లో అది లేదు. శ్రీవైష్ణవుల్లో తెంగలై, వడగలై అని రెండు శాఖలు; పాదం ఉన్నది తెంగలైవారి నామం, లేనిది వడగలైవారిది. అలా తెంగలై నామం కాస్తా వడగలై నామమై కూర్చుంది.

'గోరంత దానికి ఇంత గోలా' అన్నారు ఈవోగారు. గోరంతే, కాదనను. కంచి వరదరాజస్వామి సన్నిధిలో తెంగలైవారి 'శ్రీశైలేశ దయాపాత్రం' చదవాలా, వడగలైవారి 'రామానుజ దయాపాత్రం' చదవాలా అని కోర్టులకెక్కింది కూడా ఒక్క శ్లోకం దగ్గరే.

నేను ఎవరి తరఫునా వకాల్తా పుచ్చుకోలేదు. మా ఇంట్లో పెట్టుకునేది పాదం లేని నామమే. 1017లో పుట్టిన రామానుజులవారికైతే అసలు ఈ పేచీయే తెలీదు. కానీ ఉన్న బొమ్మను ఉన్నట్టు ఉంచాలా వద్దా? సున్నపు పూతమీద మట్టిరంగులతో వేసిన బొమ్మ అది. దానిమీద తలుపులకు కొట్టే ఎనామిల్ కొట్టారు. గోడలోని చెమ్మకు బయటికి దారి లేదు. అప్పుడే భుజం దగ్గర బుడగలు లేచాయి. ఒకచోట పెచ్చు ఊడి, కింద పాత కాషాయం తొంగిచూస్తోంది. రంగు వేసిన కుర్రాణ్ణి నేనేమీ అనను. ఎవరో సెల్‌ఫోన్లో చూపించిన బొమ్మే అతను వేశాడు.

నా రెండో అర్జీకి మీ శాఖవారి దగ్గర్నుంచి వచ్చిన జవాబు తమరు చదివి తీరాలి. 'నామానికి పాదం పోయింది' అని నేను రాస్తే, 'క్షేత్రస్థాయిలో పరిశీలించగా చిత్రమందలి స్వామివారి రెండు పాదములును యథాతథముగా ఉన్నవి' అని సంతకం పెట్టి, ముద్ర కొట్టి మరీ పంపారు. సరే, నాదే తప్పనుకుని మూడో అర్జీలో నుదురు గీసి, నామం గీసి, పాదం దగ్గర ఎర్రసిరాతో బాణం గుర్తు పెట్టాను. 'జతపరచిన పటము అస్పష్టముగా ఉన్నది' అన్నారు! పనులకు ముందు తీసిన ఫొటోలిమ్మని సమాచార హక్కు కింద అడిగాను. 30 రోజుల్లో ఇవ్వాలంది చట్టం. అలాంటి 30లు మూడు గడిచాయి.

ఈలోగా ఒక రాత్రి ఎవరో సుద్దముక్కతో పాదం గీశారు. మర్నాటి రాత్రి ఇంకెవరో తుడిచారు. పొద్దున ప్రసాదం దగ్గర ఒకరి పక్కన ఒకరు నిలబడే రెండు కుటుంబాలవాళ్లు ఇప్పుడు మాట్లాడుకోవడం లేదు. ఇది కూడా గోరంతేనా అండీ?

పాత బొమ్మలు బాగుచేయడం తెలిసినవాళ్లను పంపండి. పైన ఉన్న ఎనామిల్‌ను వాళ్లచేత జాగ్రత్తగా తీయించండి. అడుగున పాదం ఉంటే ఉంటుంది, లేకపోతే నేనే వచ్చి క్షమాపణ చెప్పుకుంటాను. దయచేసి ఎనామిల్ మీద మళ్లీ ఎనామిల్‌తో పాదం దిద్దించకండి. ఆ మాట అప్పుడే గుడిలో వినపడుతోంది.

అన్నిటికన్నా ముందు ఆ ఫ్లెక్సీ తీయించండి. గొడవ కనపడకుండా బొమ్మకు అడ్డంగా తమరికి స్వాగతం చెప్పే ఫ్లెక్సీ కట్టారు. రామానుజులవారికి దండం పెట్టబోతే అది తమరికి పెట్టినట్టవుతోంది.

ఇట్లు,
నాలుగు అర్జీల భక్తుడు