ఫొటో బృందం వార్షిక నివేదిక, 2024–25

సభ్యులందరికీ నమస్కారం.

మన కాలనీ సంఘంలో ఫొటో బృందం మొదలై ఇది రెండో ఏడాది. ఆదివారం తెల్లవారుజామున తిరుపతిలో బయల్దేరి రాత్రి భోజనానికి ఇల్లు చేరేంత దూరమే వెళ్లాలి, ఖర్చు తలా ఇంత వేసుకోవాలి అని మొదట్లో పెట్టుకున్న నియమం ఈ ఏడాదీ తప్పలేదు. జమాఖర్చులు కోశాధికారి విడిగా చదువుతారు. మనం తిరిగిన చోట్ల గురించి, మన పద్ధతిలో వచ్చిన ఒక మార్పు గురించి నేను చెబుతాను.

ఆ మార్పు శ్రీకాళహస్తిలో మొదలైంది. జూలైలో కలంకారీ పని చూడటానికి వెళ్లాం. కరక్కాయ, పాలలో నానబెట్టి ఆరేసిన గుడ్డ, వెదురుపుల్లకు ఊలు చుట్టి చేసుకున్న కలం, ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో రోజుల తరబడి పులియబెట్టిన రంగు. ఆ రంగు గుడ్డ మీద పడి కరక్కాయతో కలిసేసరికి గీత నల్లగా తేలుతుంది. కళ్లముందే గీత రంగు మారుతుంటే ఆగలేక అందరం ఒకేసారి కెమెరాలతో మీదపడ్డాం. గీస్తున్న పెద్దామె చెయ్యి ఆపి తలెత్తింది. "అందరూ తీసుకోని పోతారు నాయనా. ఒగరన్నా ఒగ ఫొటో తెచ్చిచ్చినారా?" అంది. ఎవరి దగ్గరా జవాబు లేదు.

తిరుగు ప్రయాణంలో బస్సులోనే తీర్మానం అయిపోయింది. ఎవరి ఫొటో తీస్తే వాళ్లకు ప్రింటు ఇచ్చి రావాలి. మొదటిసారి ప్రింట్లు వేసిన స్టూడియో చాలా ఆలస్యం చేసింది, పైగా చర్మం రంగు తెల్లగా మార్చి ఇచ్చింది. మళ్లీ వేరేచోట వేయించాం. ఇద్దరం పల్లెవెలుగు బస్సులో వెళ్లి ఆ పెద్దామె చేతిలో పెడితే, ఆమె తన ముఖం వైపు చూడనే లేదు. గుడ్డ మీది బొమ్మను వేలితో తడిమి, "ఈడ గీత వంకర పోయిందే, చూసుకోలేదు" అంది. తర్వాత తనే, గుడ్డలు ఉతికే రోజు రమ్మని చెప్పింది. పారే నీళ్లలో రంగు విడుస్తూ గుడ్డలు సాగే ఆ ఫొటోలు ఈ ఏడాది మన బృందం తీసినవాటిలో అన్నిటికన్నా మంచివని నా అభిప్రాయం. ఆమె రమ్మనకపోతే అవి లేవు.

గుడిమల్లంలో గర్భగుడి లోపల ఫొటో తీయకూడదు. క్రీస్తుకు పూర్వం నాటిదని నిపుణులు చెప్పే ఆ లింగం ముందు కెమెరాలు సంచుల్లో పెట్టేసి కూర్చున్నాం. పొట్టేలును పట్టుకుని, మరుగుజ్జు యక్షుడి భుజాల మీద నిలబడ్డ శివుణ్ణి అలా తీరిగ్గా చూడటం చాలామందికి అదే మొదటిసారి. బయటికొచ్చాక గుడి వెనక, ఏనుగు వీపులా గుండ్రంగా తిరిగిన గోడ మీద సాయంత్రపు ఎండ పడేదాకా ఆగి తీశాం.

తలకోనకు డిసెంబరులో వెళ్లాం. 270 అడుగుల జలపాతం నీళ్లు పాలధారలా రావాలంటే షటర్ అర సెకను తెరిచి ఉంచాలి, ట్రైపాడ్ తప్పనిసరి. పొద్దు బాగా పైకొచ్చాక వెళితే నీళ్లు తెల్లగా కాలిపోయినట్టు వస్తాయి. అక్కడ ఒక సభ్యుడు పాచిరాయి మీద జారి మోకాలు చిప్ప దెబ్బతిన్నాడు. ఇకనుంచి తడిరాళ్ల మీదికి చెప్పులతో ఎవర్నీ పంపం, ఇది ఖచ్చితం.

జనవరిలో సూళ్లూరుపేట దగ్గర నేలపట్టు పక్షుల కేంద్రం. నీళ్లలో నిలబడ్డ చెట్ల మీద గూడబాతుల (పెలికాన్ల) గూళ్లు, పిల్లలకు నోట్లోంచి మేత. పెద్ద లెన్సులు లేనివాళ్లు బైనాక్యులర్ కంటి గాజుకు సెల్‌ఫోన్ కెమెరా ఆనించి తీశారు. చెయ్యి వణక్కుండా ఉంటే బాగానే వస్తుంది. చంద్రగిరి కోటకు రెండుసార్లు వెళ్లాం, వర్షం వల్ల రెండోసారే పని జరిగింది. అక్కడ ట్రైపాడ్ వాడాలంటే ముందే అనుమతి తీసుకోవాలని గుర్తుంచుకోండి.

ఇక మిగిలిన బాకీ గురించి. ఏడాది మొదట్లో, మే నెలలో, భక్తులు రోజుకో వేషం వేసే తిరుపతి గంగ జాతరకు వెళ్లినప్పుడు మనకు ఈ ప్రింట్ల నియమం లేదు. బైరాగి వేషంలో ఒంటినిండా నామకొమ్ము (తెల్లసుద్ద) పూసుకున్నవాళ్లను, బొగ్గుపొడి పూసుకుని వేపమండలు కట్టుకున్న 'తోటి' అనే వేషం వాళ్లను చాలానే తీశాం. ఎవరి పేరూ అడగలేదు. వేషం తీసేస్తే ఎవరు ఎవరో తెలియదు. తొమ్మిదేళ్లుంటాయేమో, ఒక అబ్బోడు తాత వేలు పట్టుకుని మొదటిసారి వేషం వేసుకున్నాడు. భయం, గర్వం రెండూ ఆ ముఖంలోనే ఉన్నాయి. ఆ ప్రింటు వాళ్లింట్లో ఉండాల్సింది.

ఆ ప్రింట్లన్నీ వేయించి కవర్లో పెట్టాను. ఈ సమావేశం అయ్యాక బల్ల మీద పరుస్తాను, దయచేసి అందరూ చూడండి. గంగమ్మ గుడి ఉన్న తాతయ్యగుంట చుట్టుపక్కల వీధుల్లో ఉండేవాళ్లు ముఖ్యంగా చూడండి. ఎవరినైనా గుర్తుపడితే ప్రింటు వెనక పెన్సిల్‌తో వీధి పేరు రాయండి. మిగిలినవి ఈ మేలో జాతర చాటింపు నాటికి వెంట తీసుకెళతాం.

కార్యదర్శి, ఫొటో బృందం