ఈసీజీ నార్మల్ వస్తే సరిపోదు

సంపాదకులకు,

నెల్లూరు, కావలి చుట్టుపక్కల ఊళ్లలో పెట్టే గుండె శిబిరాల్లో షుగర్ ఉన్న పెద్దవాళ్లను వరసగా పడుకోబెట్టి ఈసీజీ తీస్తారు. నార్మల్ వస్తే ‘గుండె బాగుంది’ అని పంపేస్తారు. ఆ తర్వాత ఆయాసం మొదలైనా ‘మొన్ననేగా చూపించాం’ అని ఇంట్లోవాళ్లు ఊరుకుంటారు. ఆ ఈసీజీ చెప్పేది పడుకున్న ఆ కొద్ది సెకన్ల సంగతే. రక్తనాళం బాగా పూడినా అది నార్మల్‌గా రావచ్చు.

ఏళ్ల తరబడి షుగర్ ఉంటే కాళ్ల నరాలతో పాటు గుండెకు వెళ్లే నరాలూ దెబ్బతినొచ్చు. ఛాతీ నొప్పి తెలియకపోవచ్చు. నాలుగడుగులేస్తే ఆయాసం, చెమటలు, వికారం, పైకడుపులో బరువు వస్తాయి. గ్యాస్ అనుకుని మాత్ర మింగుతారు. నడిస్తే వచ్చి, ఆగితే తగ్గే గ్యాస్‌ను అనుమానించాల్సిందే. కూర్చున్నప్పుడే ఇవన్నీ ముంచుకొస్తే వెంటనే 108కి ఫోన్ చేయాలి.

అలాగని ఏ బాధా లేనివాళ్లందరికీ ప్యాకేజీ పరీక్షలు అక్కర్లేదు. 2009లో వెలువడిన డయాడ్ అధ్యయనంలో లక్షణాల్లేని 1,123 మంది షుగర్ రోగుల్లో సగం మందికే గుండె స్కాన్ చేశారు. దాదాపు ఐదేళ్లు చూసినా గుండెపోట్లు, గుండె జబ్బు మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆ డబ్బేదో బీపీ, కొలెస్ట్రాల్ మాత్రలకు పెట్టుకోవడం నయం.

లక్షణాలుంటే మాత్రం మనిషిని బట్టి పరీక్ష ఎంచాలి. ట్రెడ్‌మిల్‌పై నడిపిస్తూ ఈసీజీ తీసే పరీక్షలో గుండె వేగం 220లోంచి వయసు తీసేయగా మిగిలినదాంట్లో 85 శాతం అందుకోవాలి. డెబ్బై ఏళ్లవారికి అది నిమిషానికి 128 దాకా. మోకాళ్ల నొప్పితో మధ్యలో దిగిపోయినా, గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మాత్రల వల్ల వేగం పెరగకపోయినా, రిపోర్టులో ‘నెగెటివ్’ అని ఉన్నంత మాత్రాన నమ్మడానికి లేదు. అలాంటివారికి గుండె వేగం పెంచే డోబుటమైన్ మందిచ్చి, గుండెను స్కాన్‌లో చూసే స్ట్రెస్ ఎకో ఉంది. రంగు మందు ఎక్కించి గుండె రక్తనాళాలను చూసే సీటీ యాంజియోగ్రామ్ రాస్తే ముందు కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ చూపించుకోవాలి, షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ ఆపాలో లేదో డాక్టర్నే అడగాలి.

శిబిరాలవాళ్లకు పెద్ద ఖర్చు లేని పని ఒకటుంది. పడుకోబెట్టి ఒకసారి, లేచి నిలబడ్డ మూడు నిమిషాలకు మరోసారి బీపీ చూడండి. పై అంకె 20 గానీ అంతకు మించి గానీ పడిపోతే నరాలు దెబ్బతిన్నాయేమో చూడాలి. బీపీ మాత్రల వల్లా అలా పడొచ్చు కాబట్టి ఆ చీటీలు కూడా తిరగేయండి. ‘నడిస్తే ఆయాసం వస్తోందా?’ అన్న ప్రశ్నకు వచ్చిన జవాబును ఈసీజీ కాగితం మీదే రాసివ్వండి.

– ఒక విశ్రాంత వైద్యుడు, నెల్లూరు