యజమాని స్వభావమే దుకాణం స్వభావం

సంపాదకులకు నమస్కారం.

పెద్ద సంస్థలో ఫిర్యాదులు వినడానికి జీతం మీద ఒక మనిషి ఉంటాడు. చిన్న వ్యాపారంలో సరుకు తెచ్చేదీ, లెక్క రాసేదీ, మాట పడేదీ ఒక్కరే. కొన్నవాళ్లు వస్తువు వెనక్కిస్తే ఆ నష్టం నేరుగా తన జేబులోంచే పోతుంది. అందుకే కొందరు యజమానులకు ఫిర్యాదు నిందలా వినిపిస్తుంది. ఆ చిరాకు నాకు అర్థమవుతుంది. కానీ పాత బాకీని నలుగురి ముందు గట్టిగా అడగడం మాత్రం మింగుడుపడదు. పక్కకు పిలిచి అడగొచ్చు కదా!

‘ఇది మీ పనికి సరిపోదండీ, తీసుకోకండి’ అని చెప్పేవాళ్లూ ఉన్నారు. ఆ పూట బేరం పోయినా ఫర్వాలేదనుకునే అలాంటి వాళ్ల దగ్గరికి ఎంత దూరమైనా వెళ్తాను.

మన తప్పూ ఉంది. పెద్ద షోరూమ్‌లో అడిగినంతా ఇచ్చేసి, చిన్న కొట్టులో చిల్లర కోసం వాదిస్తాం. కోపం వస్తే ఎదురుగా ఏమీ అనకుండా, ఇంటికెళ్లి ఫోన్‌లో ఒక్క స్టార్ ఇస్తాం. నలుగురు 5 స్టార్లు ఇచ్చిన చోట ఆ ఒక్కదానితో సగటు 4.2కి పడిపోతుంది. వేల రివ్యూలున్న సంస్థకు అది లెక్కలోకే రాదు. ముందు యజమానితో మాట్లాడి, సరిదిద్దుకోవడానికి ఒక్కరోజు ఇవ్వమని తోటి పాఠకులను కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు